పెట్ట కింద హంతకుడు

జోంబా కొండ తలపై కప్పుకొన్న పొగమంచు దుప్పటిని సూర్యుడు మెల్లమెల్లగా లాగివేయుచుండగా, మొక్కజొన్న చేల మీది గాలి ఇంటింటి పొయ్యిని పలకరించుచు విహరించు శుభవేళ, సప్తవింశతిహత్యావిధాత్రియు, పాఠకనిద్రాభంజనియు, అరిగిన పెన్సిలు ముక్కలే ఆయుధములుగా గలదియు నగు అపరాధపరిశోధక నవలాకారిణి తియామికే, సోదరి యింట పన్నెండు దినములు విశ్రమించి స్వగృహమునకు ఏతెంచి, వరండాలోని తన పేముకుర్చీలో పరులొకరు ఆసీనులై యుండుట గాంచి కొయ్యబారి నిలిచెను.

ఆ పరులు ఎవరనగా, ఏకాదశాండరక్షణదీక్షితయు, వజ్రచంచువును నగు ఎర్ర పెట్ట.

ఆ కుర్చీ మహిమ ఎట్టిదో వినుడు. హత్య వ్రాయునాడు తియామికే అందులో కూర్చుండి పాదములు చన్నీటి పళ్లెమున ఉంచును. అన్నము తిన్న పిమ్మట ఎవ్వరినీ చంపదు. రేడియోలో చావుకబుర్లు చదువునప్పుడు ఉప్పేసి ఉడికించిన వేరుశనగలు నములుచు, పెచ్చులూడిన నీలి లోటాలో టీ త్రాగుచు, పండుగ పాటలు విన్నంత ప్రీతితో వినును. ఈ వ్రతములన్నిటికి తలమానికము చీటీవ్రతము. నవల మొదలిడు నాడు పాత్రలందరి పేర్లు చీటీలపై వ్రాసి, కలిపి, కనులు మూసి ఒకటి తీసి, విప్పి చూడకయే కుర్చీమెత్త క్రింద దాచును. హంతకుడెవరో ఆమెకే తెలియదు. చివరి అధ్యాయమునకు ముందు పన్నెండు దినములు పుస్తకమును చల్లారనిచ్చి, వచ్చి, తన అనుమానము ఎవరి మీదనో బిగ్గరగా పలికి చీటీ విప్పును. అనుమానము నిజమైనచో తనకు దొరికినవాడు పాఠకునికి దొరకడా యని పుస్తకమును పొయ్యిలో వేయును. అట్లు రెండు నవలలు బూడిదయ్యెను.

నేటి సాయంకాలపు బస్సులో చివరి అధ్యాయము బ్లాంటైర్ నగరము చేరనిచో, అచ్చుయంత్రమును చర్చి పాటల పుస్తకమునకు ఇచ్చివేయుదుమని ప్రచురణకర్త కబురంపి యుండెను. చీటీయేమో పెట్ట క్రింద నున్నది.

తియామికే తలగుడ్డ బిగించి గర్జించెను: "ఓసీ పక్షీ! ఇరువదియేడుగురిని ఒక్క పెన్సిలుతో పడగొట్టిన హస్తమిది! నా సింహాసనము విడిచి తొలగుము!"

"దానికంత పెద్ద మాటలు తెలీవే పిల్లా," అని ప్రక్కింటి గోడ మీదుగా పలికెను పెట్టకు యజమానురాలైన నాంబేవె అవ్వ. "నువ్వెళ్లిన నాడే అక్కడెక్కి కూచుంటే గుడ్లు నేనే సర్దాను, పన్నెండు రోజులుగా పొదుగుతోంది. దాన్ని లేపావో, నీకూ నాకూ మాటల్లేవు."

"ఊరంతా వదిలేసి నా కుర్చీయే దొరికిందా అవ్వా?"

"మెత్త బాగుంది మరి! అయినా ఆ చీటీ ఎందుకే? బడిపంతుల్ని హంతకుణ్ణి చేసి పారెయ్. నువ్వు చదివి వినిపించిన కాడ్నించీ వాడి చూపే నాకు నచ్చలేదు."

"నాకూ వాడిమీదే అనుమానం అవ్వా. అదే నా భయం!"

అంతట రణము మొదలయ్యెను. మొక్కజొన్న గింజలు చల్లి శత్రువును ఆశపెట్టగా, దీక్షలోనున్న ఆ మహాతల్లి కన్నెత్తి చూడలేదు. ముద్ద కలుపు తెడ్డును మెత్త క్రిందికి తోయగా, రెక్కలు విప్పి, మెడ యీకలు నిక్కించి, తెడ్డును టకటక పొడిచెను. చేటను డాలుగా పట్టి ఎడమచేయి చాపగా, ఆ వ్రాతచేతి బొటనవ్రేలిపై ఒక్క పోటు పొడిచెను. రక్తబిందువొకటి ఉదయించెను. వీరనారి మూడడుగులు వెనుకకు వేసి, రోటిపై కూలబడి, వ్రేలు నోట పెట్టుకొని శత్రువును తేరిపార చూచెను. చూచి, చూచి, ఉలిక్కిపడెను.

"అవ్వా! కుర్చీలో ఒక్క రెట్ట కూడా లేదేం?"

"పొదిగే పెట్ట గూట్లో రెట్టేస్తుందా ఎక్కడైనా?"

"అంటే దిగుతోంది! రోజూ దిగుతోంది! ఎప్పుడు?"

"నీడ ఆ రోలు మొదట్లోకి వచ్చినప్పుడు. నాలుగు గింజలు తిని, బూడిదలో పొర్లి, మళ్లీ ఎక్కుద్ది."

"ఇంతసేపూ చెప్పలేదేం అవ్వా?"

"నువ్వడిగావా? చేట పట్టుకుని గంతులేస్తుంటే చూడ్డానికి బాగుంది."

నీడ అంగుళమంగుళముగా రోలు మొదలు చేరెను. పెట్ట లేచి, ఒళ్లు విదిల్చి, పట్టపురాణి వలె క్రిందికి దిగెను. అది బూడిదలో పొర్లునంతలో, తియామికే ఒక్క గుడ్డయినను కదలకుండ మెత్త క్రిందికి రెండు వ్రేళ్లు జొనిపి, మడిచిన చీటీని వెలికి తీసి, బిగ్గరగా "బడిపంతులు!" అని పలికి, విప్పెను.

"ఎవరే? చెప్పవేం?"

"పాదిరి గారి వంటమనిషి."

"అయ్యో! ఆ పిల్లా? వచ్చినోళ్లందరికీ ఎంత మర్యాదగా టీ ఇచ్చేది!"

"అదే కదా అవ్వా! ఇరవై అధ్యాయాలు టీ ఇప్పించాను, నాకే తట్టలా!" అని తియామికే వరండాలో గంతు వేసెను.

పిమ్మట రోటినే ఆసనముగ చేసికొని, పాదములు పళ్లెమున ఉంచి, కట్టు కట్టిన బొటనవ్రేలితో అంత్యాధ్యాయము వ్రాయసాగెను. పెట్ట తిరిగి వచ్చి, ఆ పళ్లెములోనే నాలుగు గుక్కలు త్రాగి కుర్చీ యెక్కెను. ఎవరి దీక్షలో వారుండిరి. సాయంకాలపు బస్సు అధ్యాయమును మోసికొని పోయెను.

ఇట్లు ఇరువదియేడు హత్యల తల్లి, ఒక ప్రాతఃకాలమెల్ల పోరాడి, రెండంగుళముల కాగితమును జయించెను. కుర్చీ మాత్రము మరి తొమ్మిది దినములు శత్రువు అధీనముననే యుండెను.