మొదటి వరుసలో ఏడు కుర్చీలు

చైనా పంచాంగంలో ఏడో నెల పదిహేనో రోజు పొద్దున్న ఎనిమిదింటికి ఖో తేక్ సెంగ్ మాస్టారు ఏడు పళ్ళేలు, ఒక సరుకుల సంచి, ఒక నూనె సీసా మోసుకుంటూ కాలేజీ నాలుగో నంబరు హాల్లోకి అడుగుపెట్టాడు. ఆయన పథకం సాదాసీదాది. కొత్తగా చేరిన పిల్లలకు తన సబ్జెక్టును గంటసేపు పరిచయం చేయాలి. మధ్యాహ్నంలోగా ఇరవై మంది చేత దరఖాస్తు ఫారాలు నింపించాలి. ఇరవైకి ఒక్కటి తగ్గినా కోర్సు ఎత్తేసి, ఆయన్ని సుంగై పెటానీ ఊళ్ళోని శాఖకు పంపి, ఆఫీసు ఉత్తరాలు రాయడం ఎలాగో నేర్పమంటారు. డీన్ మేడమ్ యో ఈ సంగతి చిరునవ్వుతో చెప్పింది. ఆవిడ చిరునవ్వుతో చెప్పినదేదీ ఇంతవరకూ జరక్కుండా పోలేదు.

సబ్జెక్టు పేరు అంతర్జాతీయ రాజకీయార్థశాస్త్రం. ఆ పేరు పూర్తయ్యేలోగా పిల్లలు పక్క హాల్లో వీడియో గేముల కోర్సుకు జారుకునేవారు. నిరుడు చేరినవాళ్ళు పదకొండు మంది. అందులో ఇద్దరు హాలు నంబరు పొరబడి వచ్చినవాళ్ళు. తేక్ సెంగ్‌కు మాత్రం అది ప్రాణం. పొద్దున్నే తినే ప్లేటు కోయ్‌తియావ్ నూడుల్స్‌లో ప్రపంచమంతా ఉందనీ, అందులోది ఎవరు పండించారో, ఎవరి ఓడలో వచ్చిందో, ధర ఎవరు పెట్టారో తెలుసుకోకుండా మింగేయడం సిగ్గుచేటనీ పదహారేళ్ళుగా చెబుతున్నాడు. వినేవాళ్ళు దొరకడమే కష్టంగా ఉంది.

అందుకే ఈసారి ఉపన్యాసం మానేసి ఆట పెట్టాడు. మొదటి వరుసలో ఏడు కుర్చీల ముందు పొడవాటి బల్ల వేసి, దాని మీద దేశాల పేర్లు రాసిన చీటీలు అంటించాడు. థాయ్‌లాండ్ చీటీ దగ్గర బియ్యం, ఇండియా దగ్గర ఉల్లిపాయలు, చైనా దగ్గర వెల్లుల్లి, బ్రెజిల్ దగ్గర సోయాచిక్కుళ్ళు, ఆస్ట్రేలియా దగ్గర గోధుమపిండి, ఇండోనేషియా దగ్గర ఎండు రొయ్యలు, మలేసియా దగ్గర పామాయిల్ పెట్టాడు. ఒక్కో పళ్ళెం పక్కన ఒక ఫారం, ఒక పెన్ను. ఏడుగురు పిల్లలు ఏడు దేశాలై కూర్చుని బేరాలాడతారు, ఆ ఊపులో మిగతావాళ్ళు చేరతారు. ఇంత చేసి, మిగిలిన ఫారాలు జిరాక్సు తీయించడానికి వెళ్ళిపోయాడు.

పెనాంగ్ దీవిలో పుట్టి పెరిగిన మనిషి ఏడో నెలలో చేయాల్సిన పనేనా ఇది? ఆ నెలలో వీధి నాటకాలకు మొదటి వరుస ఎవరి కోసం ఖాళీగా ఉంచుతారో అక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. పోయినవాళ్ళు తలుపులు తెరుచుకుని వచ్చి తిరిగే నెల అది. వాళ్ళను ఆ నెలలో దయ్యాలు అనరు, 'అన్నగార్లు' అంటారు. ఖాళీ కుర్చీల ముందు తిండి పెట్టి పక్కకు తప్పుకున్నారంటే అది అన్నగార్లకు పిలుపే. తేక్ సెంగ్‌కు ఇదంతా తెలుసు. కానీ ఆ పూట ఆయన బుర్ర నిండా బ్రెజిల్ ఉంది.

క్యాంటీన్ నడిపే సియోక్ గైక్ ఆంటీ ఆయనకు కాఫీ తెచ్చి, మొదటి వరుస చూసి ఆగిపోయింది. ఎప్పుడూ దేవుడూ దయ్యమూ లేరని వాదించే మనిషికి ఇన్నాళ్ళకు బుద్ధొచ్చినందుకు ఆవిడ మనసు పొంగిపోయింది. పాపం, మగవాడు కదా, అగరొత్తులు మరిచిపోయాడు అనుకుంది. క్యాంటీన్ నుంచి కట్ట తెచ్చి ఏడు పళ్ళేల్లోనూ మూడేసి గుచ్చింది. ఉల్లిపాయల్లో గుచ్చడానికి కాస్త బలం పెట్టాల్సి వచ్చింది, నూనె సీసాకైతే దారంతో కట్టింది. గాలికి ఆరిపోకుండా ఫ్యాన్లు ఆపింది, వచ్చినవాళ్ళకు వెలుతురు పడదని తెరలు లాగి, లైట్లార్పి వెళ్ళిపోయింది.

తేక్ సెంగ్ తిరిగొచ్చేసరికి బయట మబ్బు కమ్మింది. తలుపు తోశాడు. లోపల చీకట్లో నడుమెత్తున ఎర్రటి చుక్కలు, మూడేసి చొప్పున, వరుసగా వెలుగుతున్నాయి. పొగ పైకి పోకుండా కుర్చీల మీదే తచ్చాడుతోంది. తలుపు మూసేసి వాచ్‌మన్ హమ్దాన్ దగ్గరికి పరిగెత్తాడు.

"బాబాయ్, హాల్లోకి ఎవరెళ్ళారు?"

"నేను చూస్తుండగా ఎవరూ వెళ్ళలేదు సార్," అన్నాడు హమ్దాన్. అరగంట సేపు టీ కొట్లో కూర్చున్న సంగతి ఆయన చెప్పలేదు.

"మరి అగరొత్తులు వెలుగుతున్నాయే!"

"అది మీ చైనావాళ్ళ వ్యవహారం సార్. నా డ్యూటీ సైకిళ్ళూ గొడుగులూ. కనపడనివాటికి నాకు జీతం ఇవ్వట్లేదు."

అని ఊరుకోక, హాల్లో పూజ జరుగుతోందని ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఎవరో పోతేనే కదా పూజ అనుకుని ఆఫీసువాళ్ళు తలుపుకు 'సంతాప సభ, నిశ్శబ్దం' అని బోర్డు తగిలించారు. తొమ్మిదింటికి ఇరవై ఎనిమిది మంది పిల్లలు తలలు వంచుకుని వచ్చి, ఆరో వరుస నుంచి వెనక్కి సర్దుకున్నారు. హుయ్ షాన్ అనే అమ్మాయి రెండు చేతులతో తెల్ల కవరు పట్టుకుని ముందుకొచ్చింది.

"సార్, అందరం తలా కొంత డబ్బు వేసుకున్నాం. పోయినవాళ్ళు మీకేమవుతారో తెలీదు..."

"ఎవరూ పోలేదమ్మా!" అని అరిచాడు తేక్ సెంగ్.

"పోలేదా?" హుయ్ షాన్ మొదటి వరుసకేసి చూసి గొంతు తగ్గించింది. "అయితే ఇక్కడే ఉన్నారా సార్?"

ఆ అమ్మాయి వెనక్కి నడుచుకుంటూనే తన చోటికి చేరింది. లైటు స్విచ్చి నొక్కితే ఒక్క లైటు వెలిగి, అదీ మిణుకుమిణుకుమంది. అయినా సుంగై పెటానీ గుర్తొచ్చి తేక్ సెంగ్ గొంతు సవరించుకున్నాడు.

"థాయ్‌లాండ్‌గా ఎవరొచ్చి కూర్చుంటారు?"

ఎవరూ కదల్లేదు. ఆ హాల్లోవి పాత సినిమా హాలు రకం కుర్చీలు, మనిషి లేస్తే సీటు పైకి ముడుచుకుంటుంది. బియ్యం ముందున్న సీటు కిర్రుమంటూ మెల్లగా కిందికి దిగింది. దిగి, అలాగే ఉండిపోయింది.

"స్ప్రింగులు పాతవి," అన్నాడాయన, ఎవరూ అడక్కుండానే. "ఇండియా?"

రెండో సీటు దిగింది. ఆయనకు ఆపాలనే ఉంది. కానీ నోరు అలవాటు కొద్దీ జాబితా చదువుకుంటూ పోయింది. బ్రెజిల్ దగ్గరకొచ్చేసరికి వెనక వరుసలు లేచి తలుపు మీద పడ్డాయి. పదిహేను మంది బయటపడ్డాక, గొడవ విని వచ్చిన సియోక్ గైక్ ఆంటీ గుమ్మానికి అడ్డంగా చేతులు చాపింది.

"ఎక్కడికిరా? అన్నగార్లు కూర్చున్నాక మధ్యలో లేచిపోతే ఇంటిదాకా వెంట వస్తారు! అయిపోయేదాకా కూర్చోండి!"

పదమూడు మంది మిగిలారు. తేక్ సెంగ్ వాళ్ళను మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు, పదమూడుకు మించి రాలేదు. పోతే పోయింది, ఇదే ఆఖరి పాఠమేమో, చెప్పాల్సింది చెప్పేద్దాం అనుకున్నాడు. కోయ్‌తియావ్ పక్కనపెట్టి, ఈ దీవికి తగరం ఓడలు, చక్కెర ఓడలు వచ్చిన రోజుల నుంచి మొదలెట్టాడు. గనిలో దిగినవాడు ఎవరు, లండన్‌లో ధర పెట్టినవాడు ఎవరు, వాళ్ళిద్దరూ జన్మలో ఒకరి మొహం ఒకరు ఎందుకు చూడలేదు అని అడిగాడు. ఆయన ఎప్పుడూ అంత బాగా చెప్పలేదు. పిల్లలు గుటకలు మింగుతూ విన్నారు. తగరం మాటెత్తినప్పుడు మాత్రం మొదటి వరుస సీట్లన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి, ముందుకు వంగి వింటున్నట్టు.

గంట మోగింది. పదమూడు మందీ ఫారాలు నింపి డబ్బాలో వేసి, వెనక్కి చూడకుండా పోయారు. తేక్ సెంగ్ బల్లవైపు చూసే ధైర్యం లేక ఆంటీకేసి తిరిగాడు. "బల్ల మీది ఫారాలు కూడా తీసి ఇందులో వేసేయండి ఆంటీ," అన్నాడు. ఖాళీవి కదా, వృథా చేయడమెందుకని. డబ్బా పట్టుకుని డీన్ గదికి నడిచాడు. ఏడు తక్కువ. పదహారేళ్ళ చదువు ఏడుగురి దగ్గర ఆగిపోయింది.

మేడమ్ యో లెక్కపెట్టింది. "ఇరవై. సరిగ్గా ఇరవై. అభినందనలు."

"పదమూడు మేడమ్," అన్నాడు తేక్ సెంగ్. అలా అనకుండా ఉంటే కోర్సు నిలుస్తుందని తెలుసు. కానీ ఆయన అబద్ధం చెప్పలేని రకం. "మిగతా ఏడూ ఖాళీవి."

"ఖాళీవా?" ఆవిడ ఏడూ ముందుకు తోసింది. పాతకాలపు చైనా చేతిరాత, పైనుంచి కిందికి నిలువుగా, సిరా ఇంకా తడిగా ఉంది. పిల్లల ఫారాల్లో 'ఈ కోర్సు ఎందుకు ఎంచుకున్నారు' అన్న చోట 'భయంతో' అనీ, 'ఆంటీ వదల్లేదు' అనీ ఉంది. ఈ ఏడింటిలో మొదటి ఫారం మీద పేరు 'లో క్వాన్', పుట్టింది 1881, వృత్తి గని కూలీ. ఎందుకు అన్న చోట ఇలా రాసి ఉంది: 'మేం తవ్విన తగరం ఎక్కడికి పోయిందో తెలుసుకుందామని.'

తేక్ సెంగ్‌కు కళ్ళు చెమర్చాయి. పదహారేళ్ళలో ఏ విద్యార్థీ అంత మంచి జవాబు రాయలేదు. ఆంటీని పిలిపించి అడిగితే, "నాకు నా పేరే రాయడం రాదు సార్," అంది.

మేడమ్ యో ఎర్ర పెన్ను తీసింది. గోడ మీది క్యాలెండర్ కేసి చూసింది. పెన్ను తేక్ సెంగ్ వైపు జరిపింది.

"కొట్టేయండి."

"డీన్ మీరు కదా మేడమ్," అని ఆయన వెనక్కి జరిపాడు.

"పిలిచింది మీరు. కుర్చీ వేసి, భోజనం పెట్టింది మీరు. ఈ రోజున వాళ్ళ పేర్ల మీద గీత నేను గీయాలా? నాకు పిల్లలున్నారు!"

పెన్ను బల్ల మీద నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది. చివరికి ఆవిడ దాన్ని సొరుగులో పడేసి తాళం వేసి, ఇరవై ఫారాల మీదా ఆమోద ముద్ర కొట్టింది.

ఆ ఏడాది పదమూడు మంది పిల్లల హాజరు అరవై శాతం దాటలేదు గానీ, మిగతా ఏడుగురు ఒక్క క్లాసు కూడా ఎగ్గొట్టలేదు.