దయచేసి తాకరాదు

ఇందుమూలంగా బంధుమిత్రులకు తెలియజేయడమేమనగా, ఈ చలికాలం పళ్ల డాక్టరుగారింట జరిగిన కుటుంబ సమాగమం దిగ్విజయంగా ముగిసింది. ఎవరికీ ఎవరితోనూ మాట్లాడే తీరిక దొరక్కపోవడమే నిర్వాహకుల కార్యదక్షతకు నిదర్శనం.

నిర్వాహకులు డాక్టరుగారి అక్కయ్య భర్త, అంటే బావగారే. రైలు దిగి పెట్టె కింద పెట్టకముందే ప్రకటించారు: రోజూ పొద్దున మ్యూజియం, సాయంత్రం నాటకం. కొన్నేళ్లకి కొడుకింటికొచ్చిన అమ్మ, "చిక్కిపోయావేంట్రా?" అని మొదలుపెట్టిందో లేదో, "అవన్నీ తర్వాత, అత్తయ్యగారూ. తెర లేచే టైమైంది" అన్నారు.

డాక్టరు ప్రాణం ఉసూరుమంది. ఊరందరి నోళ్లూ తెరిపించగల మనిషి, కన్నతల్లితో పట్టుమని పది మాటలు మాట్లాడలేకపోయాడు. నాటకంలో నోరు విప్పితే వెనక వరుసవాళ్లు కసిరారు. రంగస్థలం మీద ముసలిరాణి దగ్గుతూ కన్నుమూస్తే అక్కయ్య వెక్కివెక్కి ఏడ్చింది. పక్కసీట్లో అమ్మ దగ్గితే మాత్రం, "కాస్త ఆపుకోమ్మా, డైలాగులు వినబడట్లేదు" అంది. కళాహృదయమంటే అదీ. మ్యూజియంలో బావగారు ఎవరో రాజుగారి చెప్పుల ముందు నిలబడి సుదీర్ఘంగా ఉపన్యసించారు. అమ్మ కాళ్లు పీకుతున్న సంగతి అందులో ప్రస్తావనకు రాలేదు.

ఆఖరి రోజు వచ్చేసింది. మధ్యాహ్నం రైలుకి అమ్మ వెళ్లిపోతుంది. ఇక మాట్లాడినట్టే అనుకున్నాడు డాక్టరు. ఆ పొద్దున మ్యూజియంలో 'పాతకాలపు ఇల్లు' అన్న గదిలో తాడు కట్టి, అవతల ఓ కుర్చీ, ఓ ముక్కాలిపీట, ఆరిన పొయ్యి పెట్టి, గోడకో బోర్డు తగిలించారు. అమ్మ చల్లగా తాడు కింద దూరి కుర్చీలో కూలబడింది.

"ఇక నా వల్ల కాదురా. ఇలా వచ్చి కూర్చో."

డాక్టరు అటూ ఇటూ చూసి తనూ దూరాడు.

"రాత్రిళ్లు తింటున్నావా?"

"ఒక్కడి కోసం ఏం వండుకుంటానమ్మా. రెండు అరటిపళ్లు తిని పడుకుంటా."

"పళ్ల డాక్టరువని పళ్లే తింటావేంట్రా" అంది అమ్మ. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

ఈలోగా తాడు ఇవతల జనం మూగారు. మరబొమ్మలు ఎంత సహజంగా ఉన్నాయో అని మురిసిపోయారు. ఒకావిడ కళ్లు కూడా తుడుచుకుంది. బావగారు తోసుకుంటూ వచ్చి, ఫోను కంటి ముందు నుంచి దించకుండానే, వరసగా ఫొటోలు తీసి అక్కయ్యకి వివరించారు.

"పూర్వం ఇళ్లల్లో జనం ఇలా ఊరికే కూర్చుని మాట్లాడుకునేవాళ్లట. ఏం ఓపికో. అన్నట్టు, మీ అమ్మేది? రైలు టైమవుతోంది."

అమ్మ కొడుకు తల నిమరబోయింది. కాపలాదారు ఈల ఊది, గోడ మీది బోర్డు చూపించాడు.

జనం చప్పట్లు కొట్టారు.