మూడో తరగతి చదువుతున్న నాన్న

పిల్లల చదువులకి పెద్దవాళ్ళు సాయం చెయ్యాలని నలుగురూ అంటూ ఉంటారు. నేను ఒప్పుకోను. సాయం ఏమిటండీ, అరకొర పని! చేస్తే మొత్తం మనమే చేసెయ్యాలి. జిగురు అంటేది మన చేతులకి, మార్కులు పడేది వాళ్ళకి. ఇంతకన్నా న్యాయమైన ఏర్పాటు లోకంలో ఇంకోటి ఉందా?

ఈ స్కూలు ప్రాజెక్టులు ఇంటికి పట్టిన శని అని తిట్టుకునేవాళ్ళు ఒకసారి మా పక్కింటికి రండి. కళ్ళు తెరుచుకుంటాయి.

పక్కింటాయన ఇళ్ళకి ప్లాన్లు గీస్తాడు. ఎవరింటికి వెళ్ళినా కూర్చోకముందే గోడ తట్టి చూసి పెదవి విరుస్తాడు. అందుకని మా వీధంతా ఆయన్ని ప్లానుగారు అంటుంది. ఆయనకి ఒక్కతే కూతురు, మూడో తరగతి. పుల్లా పుడకా ఏరుకొచ్చుకుని ఓ మూల కూర్చుని కిచకిచలాడుతూ ఉండేది కాబట్టి దాన్ని పిచ్చుక అనేవాళ్ళు. సీసా మూతలు, నానమ్మ మందుల డబ్బాలు, పాత చెప్పు, దాని చేతికి ఏది చిక్కినా సాయంత్రానికల్లా ఇంకోటి అయిపోయేది. రైలు అనేది. చూస్తే రైలులా ఉండేది కాదు. అయినా మనం ఎక్కి కూర్చోవాలి, లేకపోతే ఊరుకునేది కాదు.

అలాంటి పిల్లకి చదువులో కష్టం వచ్చిపడింది. "నాకు నచ్చిన ఇల్లు" అని టీచరు ప్రాజెక్టు ఇచ్చింది. అట్టతో ఇల్లు చేసి తేవాలి, ఎగ్జిబిషన్‌లో పెట్టాలి, దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి.

నిజానికి పిచ్చుక దీన్ని కష్టం అనుకోలేదు. పాపం, దానికి లోకజ్ఞానం తక్కువ. బళ్ళోంచి రాగానే చెప్పుల డబ్బా ఒకటి ముందేసుకుని, కత్తెరతో పక్కన ఓ కిటికీ కోసింది. కిటికీ బాగా కిందకి, దాదాపు నేలకి ఆనుకుని వచ్చింది.

"ఏంటే ఇది, పిల్లి దూరడానికా?" అన్నాడు ప్లానుగారు ఆఫీసు నుంచి వచ్చి.

"నానమ్మకి. పడుకునే చూడొచ్చు, వీధిలో ఎవరొస్తున్నారో. లేవక్కర్లేదు."

నానమ్మ మోకాళ్ళు అరిగిపోయి ముందుగదిలో మంచానికే అతుక్కుపోయింది. ఆ గదిలో కిటికీ ఉంది గానీ ఆవిడ తలకి చాలా పైన ఉంది. వీధిలో ఎవరు పోతున్నా ఆవిడకి చెప్పుల చప్పుడే తప్ప మనిషి కనపడదు. ఆ ఇంటికి ప్లాను గీసింది కూడా మన ప్లానుగారే.

"కిటికీ అంత కిందకి ఎవరూ పెట్టరమ్మా. చూసినవాళ్ళు నవ్వుతారు. ఇటివ్వు, కొంచెం సరిచేసిస్తా" అని ఆయన డబ్బా అందుకున్నాడు. ఆ అందుకోవడం అందుకోవడమే, డబ్బా మళ్ళీ పిల్ల చేతికి రాలేదు.

శని, ఆదివారాలు భోజనాల బల్ల మీద ఎవరూ భోంచెయ్యలేదు. ఆయన ముందు ప్లాను గీశాడు. తర్వాత ముందువైపు నుంచి ఒకటి, పక్కవైపు నుంచి ఒకటి, ఇంటిని నిలువునా కోస్తే ఎలా ఉంటుందో ఒకటి. కాగితం మూల "క్లయింట్" అని రాసి కూతురి పేరు, క్లాసు, సెక్షన్ వేసి, కింద దాని చేత సంతకం కూడా పెట్టించాడు. పని అంటే పద్ధతి ఉండాలి మరి.

"నానమ్మ గది ఏది నాన్నా?" అంది క్లయింటు.

"వెనకాల, స్టోర్ రూమ్ పక్కన. ముందు కారు పార్కింగ్ రావాలి కదా."

"మనకి కారు లేదుగా."

"మొదట్లో అందరూ అలాగే అంటారమ్మా. కట్టాక నాకే థాంక్స్ చెప్తారు."

వాళ్ళావిడ మందుల షాపులో పనిచేస్తుంది. డ్యూటీ దిగి వచ్చి బల్ల వంక చూసి, "దాన్ని కూడా ఓ ముక్క అంటించనివ్వరాదూ?" అంది.

"వేలు కోసుకుంటుంది."

"కత్తి వద్దు, జిగురివ్వండి."

"వంకర పోతుంది. తర్వాత ఎవరు సరిచేస్తారు, నువ్వా?"

ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెళ్ళక ఏం చేస్తుంది, ఆయన చదువుకునే టైములో డిస్టర్బ్ చెయ్యకూడదు. అలాగని పిచ్చుకకి పని లేకుండా పోయిందనుకోకండి. దారం ఒక కొస పట్టుకుంది. తర్వాత ఇంటి ముందు స్పాంజి చెట్లు నిలబెట్టేటప్పుడు, అది ఊపిరి వదిలితే చెట్లు పడిపోతున్నాయని ఆయన దాన్ని గుమ్మం అవతలికి పంపించాడు. అది అక్కడ నిలబడి, నోరు మూసుకుని, తన ప్రాజెక్టు పూర్తవడం కళ్ళారా చూసుకుంది.

ఎగ్జిబిషన్ గురించి చెప్పాలంటే నాకు మాటలు చాలవు. మూడో తరగతి పిల్లల తెలివి అంటే ఇదీ! పళ్ళ డాక్టరుగారి అబ్బాయి చేసిన ఇంటికి ప్రహరీ గోడ తోమిన పన్నులా తళతళలాడుతోంది. టైలరమ్మ కూతురి ఇంట్లో ప్రతి కిటికీకీ కుచ్చిళ్ళ కర్టెన్లు, తలుపుకి గడియ బదులు కాజా, గుండీ. బేకరీ వాళ్ళ పిల్లాడు ఇల్లంతా బిస్కెట్లతో కట్టాడు. జడ్జీలకన్నా ముందు చీమలు వచ్చి చూసుకుని పోయాయి. ఎలక్ట్రికల్ షాపాయన కొడుకు ఇంటికి కాలింగ్ బెల్ ఉంది. అది నొక్కగానే హాలంతా కరెంటు పోయింది. తప్పు మెయిన్ స్విచ్‌ది అని ఆ పిల్లాడి తరపున ఆ పిల్లాడి తండ్రి పోట్లాడాడు.

పెద్దవాళ్ళందరూ ఎవరి ఇంటి దగ్గర వాళ్ళు కాపలా కాస్తూ ఒకళ్ళ జిగురు గురించి ఒకళ్ళు చెవులు కొరుక్కుంటున్నారు. పిల్లలు హాయిగా వరండాలో పరుగులు తీస్తున్నారు. పిల్లల మీద ఒత్తిడి పెరిగిపోతోందని గోల పెట్టే మేధావులు ఆ వరండా చూడాల్సింది.

ఒక మూల మాత్రం ఒక ఇల్లు ఒక పక్కకి ఒరిగిపోయి, జిగురు కారిపోయి, తలుపు కన్నా పెద్ద కుక్కతో ఉంది. పక్కన ఒక పిల్ల నిలబడి వచ్చినవాళ్ళకల్లా ఆ కుక్క పేరు చెబుతోంది. వాళ్ళమ్మా నాన్నా ఊళ్ళో లేరు కాబోలు పాపం అని అందరూ జాలిపడ్డారు.

పిచ్చుక వంతు వచ్చింది. నాన్న రాసిచ్చినది తడుముకోకుండా అప్పజెప్పింది. గాలీ వెలుతురూ, సెట్‌బ్యాక్, లోడ్ బేరింగ్, ఒక్క ముక్క వదల్లేదు. హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు సవరించుకుని, "ఈ ఇంట్లో నీకు బాగా నచ్చింది ఏంటమ్మా?" అంది.

ఆ ప్రశ్న రాసిచ్చినదాంట్లో లేదు. పిచ్చుక ఇంటి వంక చూసింది, నాన్న వంక చూసింది.

"నాన్నకి తెలుసు మేడమ్. చెప్పమనమంటారా?"

ప్లానుగారు చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. ఫొటోలో ఆయన నిండుగా ఉన్నాడు, ఇల్లు నిండుగా ఉంది, ఓ చివర పిచ్చుక జడ కూడా పడింది. ఆ రోజు మా వీధిలో ఆయన నడిచిన నడక చూస్తే పదేళ్ళు చిన్నవాడయ్యాడనిపించింది. మరి ఆఫీసులో ఎన్ని ఇళ్ళు గీసినా చప్పట్లు కొట్టేవాళ్ళేరీ?

ఆ తర్వాత ఇక ఆ ఇంట్లో చదువు పరుగులెత్తింది. డ్రాయింగులు, చార్టులు, విత్తనాల కలెక్షన్, అన్నీ ఆయనే. చేతిరాత బాగుండాలని వ్యాసం కూడా ఆయనే, కాకపోతే అక్షరాలు కావాలని కొంచెం వంకరగా రాసేవాడు. ఇల్లు శుభ్రంగా ఉండేది. మూలల్లో పుల్లల్లేవు, మూతల్లేవు, రైళ్ళు లేవు.

ఇంత సజావుగా సాగుతుంటే టీచరు ఓ పొరపాటు చేసింది. ఎవరింటికీ కబురు పెట్టకుండా, క్లాసులోనే అట్టముక్కలూ దారాలూ పంచి, "మీకు ఇష్టమైంది ఏదైనా చెయ్యండి" అంది. ఆ సాయంత్రం ప్లానుగారిని పిలిపించింది.

"మీ అమ్మాయి ముట్టుకోలేదండీ. మొదలుపెట్టవేం అంటే, 'నేను చేస్తే పాడైపోతుంది టీచర్, నాన్నొచ్చి చేస్తాడు' అంది. ఏడవలేదు, అలగలేదు. బెల్లు కొట్టేదాకా చేతులు కట్టుకుని కూర్చుంది. అంతకుముందు ఇలా ఉండేది కాదు. నాకు భయమేసింది."

"ముందే ఒక మాట చెప్పాల్సింది మేడమ్, సెలవు పెట్టి వచ్చేవాణ్ణి" అన్నాడాయన. అలవాటుకొద్దీ అనేశాడు గానీ, దారిలో ఎవరింటి గోడా తట్టకుండా తిన్నగా ఇంటికొచ్చాడు.

వస్తూనే ఒక ఖాళీ డబ్బా, కత్తెర తెచ్చి అరుగు మీద కూతురి ముందు పెట్టాడు. పిట్టగోడ ఇవతల నుంచి నేను చూస్తూనే ఉన్నాను.

"నీ ఇష్టమొచ్చింది చెయ్యమ్మా. వంకరైనా పర్వాలేదు. నేనసలు మాట్లాడను."

పిచ్చుక కత్తెర వంక చూసింది. మర్యాదగా, పిడి ఆయన వైపు ఉండేట్టు తిప్పి, తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది.

"నువ్వే చెయ్యి నాన్నా. నీకైతే బాగా వస్తుంది."

ప్లానుగారు ఆ కత్తెర పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. చూశారా, ఎంత మాట వినే పిల్లో! బళ్ళో ఒక్కో ఎక్కం వారం రోజులు చదివినా దానికి వంటబట్టదు. నీకు చేతకాదు అని ఇంట్లో మనం చెప్పిన పాఠం మాత్రం ఇట్టే వచ్చేసింది. ఇక ఆ పాఠాన్ని మరిపించడానికి ఏ ట్యూషన్‌లో చేర్పించాలో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.