మాటల్లేని జంట

ఆ రోజుకి ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా సాయంత్రం మ్యాచ్ గురించి నాలుగు వందల మాటలు రాసి పడేయాలి. పదకొండింటికి కళ్ళ డాక్టరు ముందు కూర్చోవాలి. ఆ డాక్టరు దగ్గర ఇప్పటికే మూడుసార్లు టైము తీసుకుని మూడుసార్లూ ఎగ్గొట్టాడు. "ఈసారి కూడా వెళ్ళకపోతే, సాయంత్రం తిన్నగా పక్కింట్లోకి వెళ్ళి కాఫీ అడుగుతారు" అని భార్య గుమ్మం దాకా వచ్చి మరీ హెచ్చరించింది.

ఆఫీసులో అందరూ ఆయన్ని 'ముందుమాట' అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆ పత్రిక ఆటల విభాగంలో, జరగబోయే మ్యాచ్ గురించి ముందుగా రాసేది ఆయనే. ఎవరు గెలుస్తారన్నది సగంసార్లు తప్పు చెప్పాడు గానీ, వాస్తవం రాయడంలో ఏనాడూ కాలు జారలేదు. ఆయన రాసినదానికి పత్రిక ఇంతవరకూ ఒక్క సవరణ వేయలేదు. ఆ సంగతి ఆయన తనంతట తాను చెప్పుకోడు. ఎవరైనా అడిగేలా మాట మళ్ళించి, అడిగాక చెబుతాడు.

చిక్కేమిటంటే, ఆ రోజు మ్యాచ్ మైదానంలో జరిగేది కాదు, కంప్యూటర్ తెర మీద జరిగేది. ఆ ఆటల గురించి రాసే అమ్మాయికి జ్వరం. ఆటల విభాగాన్ని చూసే ఎడిటరమ్మ చుట్టూ చూసింది. ఆవిడ చూపులకి చిక్కినవాడు ఈయనొక్కడే.

"ముందుమాట గారూ, ఇది ఇద్దరిద్దరు జట్టుగా ఆడే తుపాకుల ఆట. సాయంత్రం అయిదింటికి ఫైనల్. మీరు టెన్నిస్ డబుల్స్ రాశారుగా, అదే అనుకోండి."

"టెన్నిస్‌లో ఎవరూ చచ్చిపోరు కదా మేడమ్?"

"ఇందులోనూ చావరు. తర్వాతి రౌండుకి మళ్ళీ లేస్తారు. రాయండి."

ఆయన పాత మ్యాచ్‌లు రెండు చూశాడు. ముందుగా తొమ్మిది రౌండ్లు గెలిచిన జట్టుదే మ్యాచ్. ఒకడు తలుపులోంచి దూరితే రెండోవాడు వెనక కాపు కాయాలి. ఒకడు పడిపోయాడా, మిగిలినవాడు ఒంటరిగా ఇద్దరికి ఎదురు నిలవాలి. ఇదేదో బానే ఉందే అనిపించింది. పోటీలో ఒక జట్టు 'ఇనుప తలుపు', కిందటేడు విజేతలు. ఆడినంతసేపూ ఒకరికొకరు గడగడా చెప్పుకుంటూనే ఉంటారు. రెండో జట్టు పేరు 'రెండు పిట్టలు'. సొంత బావా బామ్మర్దులు. బావ లిఫ్టు మెకానిక్. బామ్మర్ది ఒక బేకరీలో కేకుల మీద పేర్లు రాస్తాడు.

రెండు పిట్టల కోచ్‌కి ఫోన్ చేశాడు. ఆ సమయానికి కోచ్ సెలూన్ కుర్చీలో, సగం గీసిన గడ్డంతో ఉన్నాడు.

"మీ జంట ప్రత్యేకత ఏమిటి సార్? ఒక్క ముక్కలో చెప్పండి."

"ఒక్క ముక్కేనండీ. వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు."

ముందుమాట కలం ఆగింది. "మాటల్లేవా? ఎప్పటినుంచి?"

"ఏడాది దాటింది. నోరు విప్పితే ఒట్టు. అసలు అదే వాళ్ళ..."

అంతలో కత్తి పైపెదవి మీదికి వచ్చింది కాబోలు, కోచ్ "ఊఁ" అన్నాడు, ఇంకోసారి "ఊఁఊఁ" అన్నాడు, ఫోన్ ఆగిపోయింది.

'అదే వాళ్ళ' తర్వాత ఏం రావాలి? ముందుమాట మళ్ళీ రెండుసార్లు ఫోన్ చేశాడు. కోచ్ ఎత్తలేదు. గడియారం తొమ్మిదీ ముప్పావు చూపిస్తోంది. ఇరవై రెండేళ్ళ అనుభవం ఆ ఖాళీని తనే పూరించింది: 'బాధ'. ఒక బావా, ఒక బామ్మర్దీ, ఏడాదిగా మాటల్లేవు! ఆయనకి గుండె బరువెక్కింది. ఆ బరువుతోనే రాశాడు. పదీ పదికి పత్రిక వెబ్‌సైట్‌లో ఎక్కింది. శీర్షిక మాత్రం ఎడిటరమ్మది: 'గూట్లో చిచ్చు! మాటల్లేని జంట ఫైనల్‌కి'.

సంచీ భుజాన వేసుకుని లేచాడో లేదో, ఫోన్ మోగింది. వెనక నుంచి ఇనుప తీగల చప్పుడు.

"నేను బావని మాట్లాడుతున్నా. అంటే, ఆ రెండు పిట్టల్లో బావని. మా మధ్య మాటల్లేవని మీకెవరు చెప్పారు?"

ఇలాంటి ప్రశ్నకి ఇచ్చే జవాబు ముందుమాటకి కంఠతా వచ్చు. "చెప్పినవాళ్ళ పేరు మేం బయటపెట్టమండీ. జట్టుకి అత్యంత సన్నిహితులు అని మాత్రం అనగలను."

"జట్టులో ఉన్నదే ఇద్దరం" అన్నాడు బావ మెల్లగా. "నేను చెప్పలేదు. సరే అర్థమైంది." ఫోన్ పెట్టేశాడు.

నాలుగు నిమిషాలకి బామ్మర్ది. అదే ప్రశ్న, అదే జవాబు. "నాకు సన్నిహితుడంటే ఒక్కడే ఉన్నాడండీ" అంటూ అతను కూడా పెట్టేశాడు. ఆ చిరాకులో అయిదేళ్ళ పాప పుట్టినరోజు కేకు మీద పాప పేరుకి బదులు 'సన్నిహితులు' అని రాశాడట. అది చూసి పాప తల్లి బేకరీలో గొడవ చేసిందన్న కబురు తర్వాత తెలిసింది.

ఈ నిప్పు మీద తనే నీళ్ళు చల్లాలనుకున్నాడు ముందుమాట. కుర్చీలో కూలబడి, కథనం చివర ఒక వాక్యం చేర్చాడు: 'అయితే దీనికి కారణం మరీ పెద్దదేమీ కాదని తెలుస్తోంది.' నీళ్ళనుకుని చల్లింది కిరసనాయిలని పదకొండున్నరకి తెలిసింది.

అప్పటికి కళ్ళ డాక్టరు వేరే ఎవరి కళ్ళో చూస్తున్నాడు. ఆఫీసు తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది. ఫిజియోథెరపీ క్లినిక్ తెల్లకోటు ఇంకా ఒంటి మీదే ఉంది. బావకి భార్య, బామ్మర్దికి అక్క.

"ముందుమాట అంటే ఎవరండీ?"

ముందుమాట చెయ్యెత్తబోయి సగంలో దించేశాడు. ఆఫీసులో మిగిలిన అందరూ ఆయన వైపు చూసి, ఆ పని పూర్తిచేశారు.

"కారణం పెద్దది కాదని రాశారు. ఏమిటా కారణం? నా మొగుడూ, నా తమ్ముడూ... నాకు తెలియని కారణం మీకెలా తెలిసింది? వాడు మాతోపాటే ఉండేవాడు. కిందటేడు ఉన్నట్టుండి బేకరీ దగ్గర గది తీసుకుంటానని వెళ్ళిపోయాడు. పనికి దగ్గరని చెప్తే నమ్మాను. ఇద్దరూ పోట్లాడుకుని నా దగ్గర దాచారన్నమాట! ఇప్పుడు ఇద్దరికీ ఫోన్ చేశాను. 'వాణ్ణే అడుగు' అని ఈయన, 'బావనే అడుగు' అని వాడు. నేను మధ్యలో ఎవర్ని అడగనూ? మిమ్మల్ని అడుగుతున్నాను."

ఆవిడ గొంతు గట్టిగానే ఉంది గానీ, చేతిలో రుమాలు నలిగి ముద్దయింది. ముందుమాట మంచినీళ్ళు తెప్పించి, ఆవిడకి ఇవ్వబోయి తనే తాగేశాడు.

సరిగ్గా అప్పుడు కోచ్ ఫోన్.

"ఏం రాశారండీ మీరు! మాటల్లేవు అంటే మాటల అవసరమే లేదని! ఒకడి మనసులో ఉన్నది ఇంకొకడికి ఇట్టే తెలిసిపోతుందని! అదే వాళ్ళ బలం అని చెప్పేలోపు ఆ సెలూనువాడు మీసం మీదికొచ్చాడు!"

ముందుమాట ఫోన్ దించాడు. తనవల్ల ఒక కాపురంలో కలత, ఒక కుర్రాడికి అవమానం, సాయంత్రం ఫైనల్ గంగపాలు. ఇరవై రెండేళ్ళ పేరు సంగతి ఆ క్షణంలో గుర్తే రాలేదు. అది ఆయనకే వింతగా తోచింది.

"మేడమ్, ఆ కథనం తీసేయండి. నాదే తప్పు" అన్నాడు ఎడిటరమ్మ ముందు నిలబడి.

"తీసేయడమా? ఈ నెలలో ఇంతమంది చదివింది ఇదొక్కటే. కావాలంటే కింద సవరణ వేద్దాం."

ఆ కంగారులో ఆయన రాసిన సవరణ ఇది: 'వారి మధ్య మాటల్లేవన్నది వాస్తవమే గానీ, మాటల్లేవన్న అర్థంలో కాదు. గమనించగలరు.' చదివినవాళ్ళెవరూ గమనించలేకపోయారు. 'అయితే ఏ అర్థంలో?' అని కింద నూట పదిమంది అడిగారు.

ఆయనా అక్కా మధ్యాహ్నమంతా మార్చి మార్చి ఫోన్లు చేసినా బావా బామ్మర్దీ ఎత్తలేదు. ఇక లాభం లేదు, ఎదురుగా నిలబడి చెప్పాల్సిందే. అక్క స్కూటరు వెనక కూర్చుని హాలుకి బయల్దేరాడు. ఆవిడ కోపం ప్రతి మలుపులోనూ తెలుస్తోంది. నాలుగున్నరకల్లా చేరారు గానీ, ఆటగాళ్ళ గది ముందున్న మనిషి చెయ్యి అడ్డంపెట్టాడు. "ఆటకి గంట ముందునుంచి లోపలికి ఎవర్నీ పంపం."

"రెండే మాటలు చెప్పి వచ్చేస్తాను బాబూ" అని పత్రిక కార్డు చూపించాడు ముందుమాట.

"ఇవాళ మీ పత్రికవాళ్ళ మాటలు చాలానే అయ్యాయట సార్."

చేసేదిలేక, ముందు వరసలో కోచ్ పక్కన కూలబడ్డారు. వేదిక మీద బావా బామ్మర్దులు వచ్చి కూర్చున్నారు. పక్కపక్కనే ఉన్నా కుర్చీలు చెరోవైపు తిరిగి ఉన్నాయి. అందరూ హెడ్‌ఫోన్లు తగిలించుకున్నారు. బయటి చప్పుడు ఆటగాళ్ళకి వినబడదు, కానీ వాళ్ళ మైకుల్లో మాట మాత్రం హాలు స్పీకర్లలో అందరికీ వినిపిస్తుంది. ప్రేక్షకులకి అదో సరదా.

మొదటి రౌండు. ఇనుప తలుపు జట్టు గోల ఒకటే గోల. రెండు పిట్టల వైపునుంచి ఊపిరి చప్పుడు కూడా లేదు. బామ్మర్ది దూరాడు, బావ కాపు కాశాడు, ఇరవై సెకన్లలో అయిపోయింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. మూడు, సున్నా.

కోచ్ ముఖం వికసించింది. "చూశారా? కోపంలోనూ అదే మౌనం!" ముందుమాటకి పొద్దుటినుంచి మొదటిసారి ఊపిరాడింది.

నాలుగో రౌండులో బామ్మర్ది పడిపోయాడు. బావ ఒక్కడే మిగిలాడు, ఎదుట ఇద్దరు. హాలంతా బిగుసుకుపోయింది. ఆ నిశ్శబ్దంలో స్పీకర్లలోంచి బామ్మర్ది గొంతు వినిపించింది.

"ఇప్పుడు తెలిసిందా బావా, ఒంటరిగా ఉంటే ఎలా ఉంటుందో?"

బావ చెయ్యి ఆగింది. తెర మీద అతని మనిషి పడిపోయాడు. "నిన్ను ఒంటరిగా ఎప్పుడు వదిలాన్రా? ఇల్లు వదిలి పోయింది నువ్వు."

"నువ్వు పొమ్మంటేనే పోయాను."

"నేనెప్పుడన్నాను?"

అయిదో రౌండు మొదలైంది. ఇద్దరూ చెరో మూలా తిరుగుతున్నారు.

"ఫోన్లో అన్నావు. నేను స్నానాల గదిలోంచి విన్నాను. 'ఇద్దరికే చోటు, మూడో మనిషి దిగిపోవాల్సిందే' అన్నావా లేదా?"

అక్క కుర్చీలోంచి సగం లేచింది. తెర మీద ఇద్దరూ పడిపోయారు. ఎవరూ పట్టించుకోలేదు.

"ఒరేయ్" అన్నాడు బావ. గొంతు మారిపోయింది. "ఒరేయ్, అది లిఫ్టురా! ఆ పాత మేడలో చిన్న లిఫ్టు! ముగ్గురెక్కి మధ్యలో ఇరుక్కుంటే, వాచ్‌మన్‌కి చెబుతున్నాన్రా!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఇనుప తలుపు జట్టుకి వినబడలేదు గానీ, జనం లేచి నిలబడటం కనబడింది. అదంతా తమ ఆట చూసేననుకుని మరింత హుషారుగా కాల్చారు.

"మరి నేను వెళ్తానంటే ఒక్కసారైనా ఉండమన్నావా?"

"వయసొచ్చినవాడివి, ఆపితే బావ పెత్తనం చేస్తున్నాడంటావని నోరు కట్టుకున్నాను. నీ మంచం ఇంకా అక్కడే ఉందిరా. మీ అక్క వారం వారం దుప్పటి మారుస్తూనే ఉంది."

"ఏడాదిగా నీ పక్కన కూర్చుంటున్నాను. ఒక్క మాట చెప్పి ఉండచ్చుగా?"

"నువ్వు అడిగి ఉండచ్చుగా?"

ముందుమాట లేచాడు. ఎలాగోలా వేదిక దాకా వెళ్ళి, తప్పు తనదేనని చెప్పేయాలి. అక్క ఆయన చొక్కా పట్టుకుని కిందికి లాగింది. కళ్ళు ధారలు కడుతున్నాయి. "మీరు కదలకండి. ఇప్పుడిప్పుడే మాట్లాడుకుంటున్నారు."

కోచ్ తల పట్టుకున్నాడు. "అంటే... ఏడాదిగా నేను అందరికీ గొప్పగా చెప్పుకున్నది అలకనా?"

ముందుమాట జేబులో ఫోన్ మోగింది. ఎడిటరమ్మ. "ఆ సవరణ చూసి జనం నవ్వుతున్నారండీ. ఉంచమంటారా, తీసేయమంటారా?"

ఆయన వేదిక వైపు చూశాడు. పొద్దున తను తప్పుగా అర్థం చేసుకుని రాసింది అక్షరాలా నిజం. సరిదిద్దుతూ రాసిందే అబద్ధం. ఇరవై రెండేళ్ళలో వేసిన మొదటి సవరణే తప్పయి కూర్చుంది.

"తీసేయండి మేడమ్" అన్నాడు నీరసంగా.

తొమ్మిది, మూడుతో మ్యాచ్ ముగిసింది. ఇనుప తలుపు జట్టు ఒకర్నొకరు కౌగిలించుకుంది. నిర్వాహకుడు రెండో స్థానం షీల్డు రెండు చేతులా పట్టుకుని బావా బామ్మర్దుల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వాళ్ళ కుర్చీలు ఎదురెదురుగా తిరిగి ఉన్నాయి. హెడ్‌ఫోన్లు ఇంకా తీయలేదు. ఆయన చిన్నగా దగ్గాడు. లాభం లేక, బావ భుజం తట్టాడు.

"కాస్త ఆగండి సార్" అన్నాడు బావ, తల తిప్పకుండానే. "మ్యాచ్ మధ్యలో ఉన్నాం."