సైనికుడికి రెయిన్‌కోటు

బ్రిటిష్ సైన్యంలోని ఐరిష్ పదాతి దళంలో చేరి, రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ కొండల్లో పోరాడి, అక్కడే మట్టిలో కలిసిన తమ బిడ్డల స్మృతిని కలకాలం కాపాడాలని ఐర్లండులోని బాలినగ్రెన పట్టణం తీర్మానించింది. అరవై ఏళ్ళపాటు వాళ్ళ ఊసెత్తకుండా కాపాడుకొచ్చిన ఊరికి ఇదొక లెక్కా!

ముసలి డెలియా కినేన్‌కు మాత్రం అది చిన్న కబురు కాదు. ఆమె అన్న లూక్ ఆ దళంలోనే పోయాడు. పోయినవాడు ఊరికే పోక, ఇంగ్లండు రాజుగారి యూనిఫారంలో పోయాడు. ఆ రాజుగారి మీద తిరగబడి గెలిచిన ఊళ్ళో అలాంటి కొడుక్కోసం ఏడవడం మర్యాద కాదు గనక, తల్లి అతని ఫోటోను దుప్పట్ల అడుగున దాచి, వచ్చినవాళ్ళతో వానల గురించి మాట్లాడింది. ఎవరు పోయినా ఇంటినిండా చేరి, టీలు తాగి, చచ్చినవాణ్ణి ఆకాశానికెత్తే జనం లూక్ కోసం గడప తొక్కలేదు. ఊరి నడిబొడ్డున అన్న పేరు ఎవరైనా ఒక్కసారి పైకి పలికితే విని పోవాలని డెలియా ఆశ.

స్మారక సంఘం ఆచారం తప్పలేదు. ఆ ప్రాంతంలో ఏ సంఘమైనా మొదటి సమావేశంలోనే చీలాలి; చీలకపోతే దేశభక్తి తక్కువని అనుమానిస్తారు. రెండు వర్గాలూ ఒకే హాల్లో, చెరొక టీ కెటిల్ పెట్టుకుని, నిలబెట్టబోయే సైనికుడి విగ్రహం గురించి చర్చించాయి.

"రాజుగారి యూనిఫారమా? మా తాత లేచొచ్చి నన్ను తంతాడు!" అన్నాడొకాయన.

"రెయిన్‌కోటు కప్పేద్దాం. ఈ ఊళ్ళో రెయిన్‌కోటును కాదనే మొనగాడెవడు?" అన్నాడు అధ్యక్షుడు ఫింటన్ క్విర్క్. ఆయన కౌన్సిలరు కూడాను.

చర్చికెదురుగా తుపాకీ బాగుండదని ఫాదర్ అభ్యంతరపెడితే, చేతిలో హర్లింగ్ ఆట కర్ర పెట్టారు. ఇప్పుడా వీరుణ్ణి చూసి ఎవరూ నొచ్చుకునే ప్రమాదం లేదు. సైనికుడని పోల్చుకునే ప్రమాదం అంతకన్నా లేదు.

డెలియా విగ్రహం కింది రాతిదిమ్మె చుట్టూ తిరిగి చూసింది. "ఒరే ఫింటన్, మా లూక్ పేరేదిరా?"

"అయ్యో డెలియా, అందరినీ సమానంగా గౌరవించాలని ఎవరి పేరూ చెక్కలేదు. తమవాడు ఆ దళంలో ఉన్నాడని బయటపడితే కొన్ని ఇళ్ళవాళ్ళు తలెత్తుకోగలరా?"

"దాచినవాళ్ళంతా చచ్చారు కదురా!"

"వాళ్ళ మనవలకు ఓట్లున్నాయి తల్లీ."

ఆవిష్కరణనాడు వాన ఎప్పటిలాగే వేళకు వచ్చింది. "అమరులారా! ఈ ఊరు మిమ్మల్ని ఒక్క క్షణం కూడా మరువలేదు!" అని గర్జించి, ఫింటన్ కళ్ళు తుడుచుకుని, అందరినీ మౌనం పాటించమన్నాడు. టోపీలు దిగాయి. పసిపిల్లలు కూడా కిక్కురుమనలేదు.

"లూక్ కినేన్," అంది డెలియా. మళ్ళీ, ఇంకాస్త గట్టిగా అంది. "లూక్ కినేన్. మా అన్న."

తలలన్నీ తిరిగాయి. పక్కావిడ ప్రేమగా ఆమె చెయ్యి నొక్కింది. "ష్! కాసేపు ఊరుకో డెలియా, పోయినవాళ్ళను తలుచుకుంటున్నాం కదా," అన్నాడు ఫింటన్.

పెద్దావిడ గదా అని ఊరు ఆమెను పెద్దమనసుతో క్షమించి, భగ్నమైన మౌనాన్ని మళ్ళీ మొదటినుంచి పాటించింది.