పదింటి పచ్చ జీపు

ఆ ఆదివారం పొద్దున డ్రైవింగ్ మాస్టారు తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, భార్యకు చెప్పవలసిన అబద్ధాన్ని కూడా మనసులో మడతలు లేకుండా చేసుకున్నారు. తీరా చెప్పేటప్పుడు మాత్రం గొంతు తడబడింది.

“ఇవాళ ఒక క్లాసుంది. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను.”

“ఆదివారం కూడానా?” వంటింట్లోంచి అడిగిందావిడ.

“కొత్త స్టూడెంటు. బొత్తిగా పిరికివాడు. ఊరి బయట, జనం లేని చోట నేర్పాలి.”

“చిన్నవాడా?”

“కాదు. నా వయసే ఉంటుంది.”

“ఈ వయసులో ఎందుకట?”

“సరదా అంటున్నాడు.”

ఆవిడ గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చి ఆయన్ని కాసేపు చూసింది. “ఈ వయసులో సరదా అని నోరు తెరిచి అడిగాడంటే, పాపం, ఎన్నాళ్ళనుంచి లోపల దాచుకున్నాడో. విసుక్కోకండి ఆయన్ని,” అని టిఫిన్ డబ్బా చేతికిచ్చింది.

నిజం చెప్పేద్దామని మాస్టారికి ఒక్క క్షణం అనిపించింది. కానీ ఏమని చెప్పాలి? తల నెరిసిన మొగుడు బురదలో జీపు తోలడానికి బయల్దేరుతుంటే నవ్వకుండా సాగనంపే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందని ఆయనకు నమ్మకం లేదు. చెప్పుల్లో కాళ్ళు దూర్చి గబగబా మెట్లు దిగిపోయారు.

మాస్టారి ఉద్యోగం పక్క సీటులో కూర్చోవడం. డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుని వణుకుతుంటే ఆయన ఆ బ్రేకు మీద కాలు పెట్టుకుని “నెమ్మది, నెమ్మది” అంటూ ఉంటారు. జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ అదే మాట. ఇంట్లో టీవీలో ఎవరైనా పరిగెత్తినా ఆయన కాలు నేలను నొక్కేస్తుంది. ఊళ్ళో సగం మంది ఆయన నేర్పినవాళ్ళే. ఆయన మాత్రం ఎక్కడికన్నది అనుకోకుండా, తన ఇష్టం వచ్చినట్టు ఒక బండి నడిపి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు.

కిందటి వానల్లో ఒక స్టూడెంటు దారి తప్పి కారును ఊరి చివరి మట్టిరోడ్డు మీదికి పోనిచ్చాడు. అక్కడ ముళ్ళకంచె అవతల పెద్ద మైదానం. ఎత్తైన మట్టిదిబ్బలు, అడ్డంగా పడేసిన దుంగలు, మధ్యలో చిన్న చెరువంత బురదగుంట. మాస్టారు చూస్తుండగానే ఒక జీపు గర్జించుకుంటూ వచ్చి ఆ గుంటలోకి దూకింది. నీళ్ళు రెండు రెక్కల్లా లేచాయి. జీపు మాయమైపోయింది. మళ్ళీ అవతలి గట్టు మీద తేలింది. నడుపుతున్నవాడిలో పళ్ళు తప్ప ఇంకేమీ కనపడటం లేదు, ఆ పళ్ళన్నీ నవ్వుతున్నాయి. “సార్, ఆపమంటారా?” అని స్టూడెంటు అడుగుతూనే ఉన్నాడు. మాస్టారు పలకలేదు, బ్రేకూ వేయలేదు. కారు మెల్లగా వెళ్ళి మైలురాయిని ముద్దు పెట్టుకుంది.

అప్పటినుంచి ఆ స్కూల్లో ఎవరు చేరినా రివర్సు పాఠం ఆ కంచె పక్కనే. అంత దూరం ఎందుకు తీసుకొస్తున్నారో ఎవరికీ అంతుపట్టలేదు. వాళ్ళు మెడలు తిప్పుకుని వెనక్కి చూస్తుంటే ఆయన కంచె సందుల్లోంచి లోపలికి చూసేవారు. జీపు గుంట అంచున ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, ముందుకు ఒరుగుతుంది చూడండి, ఆ క్షణంలో లోపల ఉన్నవాడికి ఎలా ఉంటుంది? ఈ ఒక్క ప్రశ్న ఆయన్ని అన్నం తినేటప్పుడు, పడుకునేటప్పుడు, ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పట్టుకుని వదిలేది కాదు. చివరికి ఒకరోజు ధైర్యం చేసి, జీపు అద్దెకు కావాలని ఆ మైదానంవాళ్ళకి ఫోన్ చేశారు. “ఆదివారం పదింటికి పచ్చ జీపు మీదేనండీ,” అంది అవతలి గొంతు.

పదింటి దాకా ఆగలేక, చాలా ముందుగానే మైదానం చేరుకున్నారు మాస్టారు. తన స్కూలు కారులోనే వచ్చారు. అదే కొంప ముంచింది.

ఆ మైదానం యజమానిని అందరూ బురదయ్య అంటారు. ఒకప్పుడు అక్కడే పూలమొక్కల నర్సరీ నడిపేవాడు. ప్రతి వానకూ మొక్కలు మునిగిపోతుంటే విసిగి, మొక్కలను వదిలేసి బురదనే నమ్ముకున్నాడు. ఆ ఉదయం అతను ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఉన్నాడు. చప్పుడు ఎక్కువైందని చుట్టుపక్కలవాళ్ళు అర్జీ పెట్టారు. పదింటికి పురపాలక కార్యాలయం నుంచి తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆయనకు నచ్చకపోతే ఈ సాయంత్రమే గేటుకు తాళం. అలాంటి సమయంలో నెత్తిన అక్షరాలు వెలిసిపోయిన బోర్డు ఉన్న కారు ఒకటి, ఇండికేటరు వేసి మరీ, ఖాళీ మైదానంలోకి మలుపు తిరిగింది. ఇస్త్రీ చొక్కా మనిషి దిగి, తలుపు వేసి, సరిగ్గా పడిందా లేదా అని లాగి చూశాడు.

“వచ్చేశాడు,” అనుకున్నాడు బురదయ్య.

అయినా అనుమానం తీరక, పక్కన హెల్మెట్ తుడుచుకుంటున్న నర్సును అడిగాడు. ఆవిడ ఆసుపత్రిలో వారమంతా ఇంజెక్షన్లు చేసి, ఆదివారం దిబ్బలెక్కి దిగుతూ ఉంటుంది. “ఆయన తెలుసా నీకు?”

“అయ్యో, తెలియకపోవడమేంటి!” నర్సు గుండె మీద చెయ్యి వేసుకుంది. “ఎంత స్ట్రిక్టో! ఆయన సరే అనేదాకా నన్ను ఎన్ని వారాలు తిప్పారో. చిన్న తప్పు కూడా వదలరు.”

బురదయ్యకు ఇక అనుమానం లేదు. పరిగెత్తుకెళ్ళి మాస్టారికి నమస్కారం పెట్టాడు. “దయచేయండి సార్, దయచేయండి. మీకోసమే చూస్తున్నాం.”

ఇంత మర్యాద ఊహించని మాస్టారు పొంగిపోయారు. “పచ్చ జీపు...” అన్నారు ఆశగా.

“కండిషన్‌లో ఉందండీ! కొత్త టైర్లు. ముందు గొడుగు కింద కూర్చోండి.”

కుర్చీ వేశారు, చల్లటి నీళ్ళు తెచ్చారు. మాస్టారు నీళ్ళు తాగి లేవబోతే దిబ్బల ఎత్తు చూపించారు. దిబ్బలు చూసి గుంట వైపు అడుగు వేస్తే మందుల పెట్టె చూపించారు. దాంట్లో దూదిని కూడా విప్పి చూపించారు. మొదటిసారి వచ్చినవాళ్ళకి ఇదంతా పద్ధతి కాబోలని ఆయన ఓపిక పట్టారు. చివరికి ఇక ఉండబట్టలేక, “నేను బండి నడపడానికి వచ్చానండీ,” అన్నారు.

“నడిపే తీరు చూడ్డానికే కదండీ! ఒక్క నిమిషం,” అంటూ బురదయ్య ఆయన్ని నర్సు జీపులో కూర్చోబెట్టాడు. పక్క సీటులో.

నర్సు దిబ్బ ఎక్కుతుంటే మాస్టారి చేతులు ఒళ్ళో నిస్సహాయంగా పడి ఉన్నాయి. కళ్ళు మాత్రం ఆవిడ చేతుల్లో ఉన్న స్టీరింగును వదల్లేదు. “బాగా నడుపుతున్నావమ్మా,” అన్నారు. ఆ మాటలో ఉన్న దిగులు చూసి నర్సు భయపడిపోయింది. దిగగానే బురదయ్య చెవిలో, “ఏదో తప్పు పట్టినట్టున్నారు,” అని ఊదింది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర అసలు ఇన్‌స్పెక్టరు ఆటో దిగాడు. సన్నటి మనిషి, మెరిసే బూట్లు, కళ్ళద్దాలు. గేటు దగ్గర ఉన్నది ట్రాక్టరు డ్రైవరు. ఇరుక్కున్న బండ్లను తాడు కట్టి లాగడం అతని పని. మాటలు తక్కువ.

“పదింటికి వస్తానన్నది మీరేనా?”

“నేనే,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ట్రాక్టరు డ్రైవరు ఆయన నెత్తిన హెల్మెట్ పెట్టి పట్టీ బిగించాడు. చూడవచ్చిన అధికారికి కూడా హెల్మెట్ ఇస్తున్నారంటే జాగ్రత్తలు బాగానే ఉన్నాయని ఇన్‌స్పెక్టరు సంతోషించాడు. పచ్చ జీపు ఎక్కించారు, ఎక్కాడు. స్టీరింగు ముందు కూర్చోబెట్టారు, ఇదీ తనిఖీలో భాగమే అనుకున్నాడు. ట్రాక్టరు డ్రైవరు గుంట వైపు చెయ్యి చూపించి, “అటు,” అన్నాడు. జీపు కదిలింది.

గొడుగు కింద నుంచి మాస్టారు లేచి నిలబడ్డారు. “అది నా జీపు!”

బురదయ్య ముఖం పాలిపోయింది. “మీదేంటండీ? అంటే... జప్తు చేస్తున్నారా?”

“జప్తేమిటయ్యా, పదింటి బండి నాది! ఆపండి!”

“ఆపేయమంటున్నారు!” బురదయ్య తలపట్టుకుని కూలబడ్డాడు. “మైదానం మూసేయమంటున్నారర్రా!”

మాస్టారు వినిపించుకునే స్థితిలో లేరు. చెప్పులు చేత పట్టుకుని జీపు వెంట పరిగెత్తారు. ఇన్నాళ్ళూ కంచె అవతల నిలబడి చూసినదాన్ని ఇప్పుడు కంచె ఇవతల నిలబడి చూడాలా? ఇన్‌స్పెక్టరు అద్దంలోంచి చూశాడు. తెల్లచొక్కా మనిషి చేతులు ఊపుతున్నాడు. కానిమ్మంటున్నాడనుకుని ఇంకాస్త నొక్కాడు. గుంట అంచున జీపు తడబడి ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. అంతే, కోపం, దుఃఖం అన్నీ మరిచిపోయి మాస్టారిలో మాస్టారు నిద్రలేచారు. “క్లచ్ నొక్కకండి! గేరు మార్చకండి! ఒకేలా పోనివ్వండి!” అని అరిచారు.

జీపు ముందుకు ఒరిగింది. బురద రెక్కలు విప్పుకుంది. అందులో సగం మాస్టారి చొక్కా మీద వాలింది.

అవతలి గట్టు మీద జీపు ఆగింది. తలనుంచి బూట్ల దాకా ఒకే రంగులో ఉన్న ఒక ఆకారం దిగి, అందరూ చేరాక కళ్ళద్దాలు తీసింది. “నేను పురపాలక కార్యాలయం నుంచి తనిఖీకి వచ్చాను,” అంది.

బురదయ్య మెల్లగా మాస్టారి వైపు తిరిగాడు. “మరి మీరెవరు?”

“పదింటి బండి వాణ్ణి,” అన్నారు మాస్టారు.

బురదయ్య పక్కనున్న పాత టైరు మీద కూర్చుని, మళ్ళీ నర్సరీ పెట్టుకుంటే ఏ పూలు బాగుంటాయా అన్నట్టు శూన్యంలోకి చూడసాగాడు. ఇన్‌స్పెక్టరు రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. రుమాలు కూడా బురదే.

“ఆ గుంటను ఇంకోసారి పరిశీలించాలి,” అన్నాడు.

“ఎందుకండీ?” బురదయ్య గొంతు పీలగా వచ్చింది.

“మొదటిసారి కళ్ళు మూసుకున్నాను.”

అంటూ ఆయన జీపు వైపు నడిచాడు. అక్కడ మాస్టారు తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నారు. బురదయ్య వెనకనుంచి చేతులు జోడించి బతిమాలుతున్నాడు. ఇన్‌స్పెక్టరుకు కోపం వస్తే అంతా అయిపోయినట్టే. మాస్టారికి అది తెలుసు. జీవితమంతా సీటు ఇంకొకరికి ఇచ్చిన మనిషికి ఇప్పుడు ఇంకోసారి ఇవ్వడం పెద్ద కష్టమేమీ కాదు. కానీ ఆయన కదల్లేదు.

“ఈసారి నా వంతండీ,” అన్నారు. గొంతు చిన్నదే గాని తడబడలేదు.

ఇన్‌స్పెక్టరు ఆయన్ని పరీక్షగా చూశాడు. తడిసిన చొక్కా, చేతిలో చెప్పులు. “నేను పక్కన కూర్చోవచ్చా?” అని అడిగాడు.

మాస్టారు స్టీరింగు పట్టుకున్నారు. అద్దం సరిచేసుకున్నారు. ఖాళీ మైదానంలో అటూ ఇటూ చూసి, ఇండికేటరు వేసి కదిలారు. గుంట అంచున జీపు ఆగినట్టు ఆగింది. ఇదే ఆ క్షణం. లోపల ఏమీ లేదు. నెమ్మది అనే మాట కూడా లేదు. ముందుకు ఒరిగారు. నీళ్ళు లేచి ఆకాశం గోధుమరంగు అయిపోయింది. మాస్టారు గట్టిగా అరిచారు. అది ఏ పాఠంలోనూ లేని అరుపు. ఆ ఆనందం ఇంకొంచెం సేపు ఉంటే బాగుండునని మధ్యలో కాస్త వేగం తగ్గించారు. చక్రాలు తిరిగాయి, తిరిగాయి, తిరిగి తిరిగి దిగబడిపోయాయి.

“ట్రాక్టరు డ్రైవరు టిఫినుకెళ్ళాడండీ!” గట్టు మీదనుంచి నర్సు అరిచింది. “వచ్చేస్తాడు!”

ఇంజను ఆపేశారు. నిశ్శబ్దం. ఎక్కడో ఒక కప్ప అరిచింది. అంతలో మాస్టారి జేబులో ఫోను మోగింది.

“మీ స్టూడెంటు ఎలా ఉన్నాడు?” భార్య గొంతు.

ఆయన చుట్టూ ఉన్న బురదను చూసుకున్నారు. “ఇరుక్కుపోయాడు,” అన్నారు.

“ఆ కంచె అవతలి గుంటలోనేనా?”

“నీకెలా తెలుసు?”

“నిద్రలో రోజూ గుంట గుంట అని కలవరిస్తుంటే, శవాన్ని పూడ్చే గుంటనుకుని, ముందు ఎవరైనా పోయారేమో అని భయపడ్డాను. తర్వాత మీ స్టూడెంటొకడు చెప్పాడు కంచె సంగతి. నవ్వుతాననుకున్నారా?” ఆవిడ మెల్లగా, “నన్నూ రమ్మంటే వచ్చేదాన్ని కదా,” అంది.

“రా. ఇప్పుడే రా,” అన్నారు మాస్టారు. ఇంకేం అనాలో తెలియక, “పాత చీర కట్టుకో,” అన్నారు.

ఫోను పెట్టేశాక ఇన్‌స్పెక్టరు గుంట వైపు చూస్తూ అన్నాడు, “మా ఆఫీసులో నా బల్ల దగ్గర కిటికీ లేదండీ. మైదానాలన్నీ కాగితం మీదే చూస్తాను. ఎవరైనా ఇలాంటిదొకటి మూసేయమని రాస్తే, మూసేయమని రాస్తాను.”

“మరి దీన్ని?”

“దీని గురించి చాలా వివరంగా పరిశీలించాలి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు గంభీరంగా. “ఒక్క ఆదివారంతో అయ్యేలా లేదు.”

బురద నెమ్మదిగా తలుపు సందులోంచి లోపలికి వచ్చి బూట్లనూ ఉత్త కాళ్ళనూ ఒకేలా పలకరించింది. ఇద్దరూ కాళ్ళు పైకి తీసుకోలేదు.

ట్రాక్టరు వచ్చింది, తాడు విసిరారు, అందుకోవడానికి జీపులోంచి ఎవరూ చెయ్యి చాపలేదు.