రెండో పుండు

ఇకమీదట బిల్లు కోడ్ లేని జబ్బు ఎవరికీ రాకూడదని మా ఆసుపత్రి యాజమాన్యం తీర్మానించినట్టు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈ సంస్కరణవల్ల మొదట లబ్ధి పొందినవాడు ఒక దర్జీ.

బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఈయన ఒకరోజు మిషన్ మీదే రక్తం కక్కుకున్నాడు. డాక్టరమ్మ నోట్లోంచి కెమెరా గొట్టం దింపి చూస్తే పొట్టలో పుండు, అందులోంచి రక్తం. ఆవిడ వెనకాముందూ ఆలోచించకుండా ఆ గొట్టంలోంచే సూదిమందు వేసి రక్తం ఆపేసింది. మనిషి బతికాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ప్రతి జబ్బుకూ వైద్యానికీ నంబరు వేసి బిల్లు పంపే కోడ్ల విభాగం పెద్దాయన ఆవిణ్ణి పిలిపించాడు. జీవితంలో ఒక్క పుండునూ చూడకపోయినా వాటి నంబర్లన్నీ నిద్రలో కూడా చెప్పగల మహానుభావుడాయన.

"సూది వేసినందుకు ఒక కోడ్, రక్తం ఆపినందుకు ఇంకో కోడ్. ఒకే పుండుకి రెండు బిల్లులూ వేస్తే బీమా నిబంధన ఒప్పుకోదమ్మా. రెండు పుండ్లుంటే దివ్యంగా ఒప్పుకుంటుంది."

"ఉన్నది ఒకటే కదండీ?"

"మీరు సరిగ్గా చూశారా?"

మొదటి పుండుకు నాలుగు సెంటీమీటర్ల దిగువన రెండోది కాగితం మీద వెలిసింది. నలభై కాగితాల దొంతరలో డాక్టరమ్మ సంతకం కూడా దాని కింద పడిపోయింది.

రెండు నెలలకు పుండు మానింది. పుండ్లన్నీ మానాయని ధ్రువపత్రం తెస్తేనే మిషన్ ఎక్కనిస్తామంది ఫ్యాక్టరీ. రెండోది మానిందని రాయాలంటే మచ్చ ఫోటో జతపరచాలంది విభాగం. మచ్చ దొరకలేదు. అసలు పుండే లేదని రాస్తే, లేని పుండుకు సూది వేసిన నేరం డాక్టరమ్మ మెడకు చుట్టుకుంటుంది. కాబట్టి నెలనెలా గొట్టం వేసి శ్రద్ధగా వెతకాలని తీర్మానమైంది.

మూడోసారి వరండాలో దర్జీ భార్య ఉండబట్టలేకపోయింది.

"ఏమయ్యా, కాలరు మీద లేని మరక ఉందంటే ఫ్యాక్టరీలో అంతెత్తున లేస్తావే! ఇక్కడ నోరు మెదపవేం?"

"నోట్లో గొట్టం పెట్టుకుని ఎలా మెదపనే?"

జీతం లేదు. ఇంట్లో ఒక పూటే పొయ్యి వెలుగుతోంది. దర్జీ కంటిమీద కునుకు లేకుండా, ఆ రెండో పుండు ఎక్కడుందా అని పొట్ట తడుముకుంటూ కూర్చునేవాడు. చూస్తే నాకే జాలేసేది. అయినా ఫైలు మోసుకెళ్లే ఉద్యోగం నాది, మోశాను.

అయిదో నెల గొట్టం వేసినప్పుడు డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. మొదటి మచ్చకు సరిగ్గా నాలుగు సెంటీమీటర్ల దిగువన, ఎర్రగా, పచ్చిగా పుండు.

విభాగంలో స్వీట్లు పంచారు. "మా రికార్డు ఏనాడూ అబద్ధమాడదు, కాస్త ముందుగా చెబుతుందంతే!" అన్నాడు పెద్దాయన. అందరం చప్పట్లు కొట్టాం.

దర్జీ కూడా కొట్టాడు. పుండంటూ వచ్చింది కాబట్టి ఇక మానుతుందని ఆయన ఆశ.